‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ పోటీల తీరు మారాలి

సంపాదకులకు,

పర్యావరణ దినోత్సవానికో, వైజ్ఞానిక ప్రదర్శనకో పాఠశాలల్లో ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ పోటీలు పెట్టడం ఆనవాయితీగా మారింది. పారేసే వస్తువును మళ్లీ పనికి తెచ్చుకోవడం పిల్లలకు అలవాటు చేయాలన్న ఉద్దేశం ఎంతో మంచిది. కానీ పోటీలు జరుగుతున్న తీరు ఆ ఉద్దేశాన్నే దెబ్బతీస్తోంది. పోటీ రేపనగా తల్లిదండ్రులు ఫ్యాన్సీ దుకాణానికి పరుగెత్తి చెమ్కీ పొడి, రంగు కాగితాలు, థర్మకోల్ షీట్లు కొంటున్నారు. ఇంట్లో ఖాళీ సీసా లేకపోతే కూల్‌డ్రింక్ కొని మరీ సీసా ఖాళీ చేస్తున్నారు. బహుమతి అందుకున్న పూలకుండీ వారం తిరగకముందే చెత్తకుప్పలో చేరుతోంది. అలంకరణకు వాడే థర్మకోల్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిందన్న సంగతి నిర్వాహకులకైనా గుర్తుండాలి కదా.

ఇందులో పైకి కనిపించని నష్టం మరొకటి ఉంది. నీళ్ల సీసా అడుగున త్రికోణంలో 1 అనే అంకె ఉంటుంది. అది పెట్ (PET) అనే రకం ప్లాస్టిక్ అని గుర్తు. శుభ్రంగా ఉన్న అలాంటి సీసాలను పాత సామాన్లవాళ్లు కిలోల లెక్కన కొంటారు, అవి కరిగి దారంగానో మరో వస్తువుగానో మారతాయి. అదే సీసాకు రంగు పూసి, జిగురుతో చెమ్కీలు, గుడ్డముక్కలు అతికిస్తే దాన్ని ఎవరూ ముట్టుకోరు. మరో ఉపయోగం ఉన్న వస్తువును పిల్లల చేతులతోనే పనికిరాకుండా చేయిస్తున్నామన్నది నా ప్రధాన అభ్యంతరం. అసలు ఆలోచన పెట్టాల్సింది ఎవరూ కొనని చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు, షాంపూ సాచెట్ల మీద. వాటిలో చాలావరకు ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి విడదీసి కరిగించడం కష్టం.

గువాహటి శివారులోని పామోహిలో 2016లో మొదలైన అక్షర్ పాఠశాల ఈ పని చేసి చూపింది. అక్కడి పేద కుటుంబాలు చలి కాచుకోవడానికి ప్లాస్టిక్ తగలబెడితే ఆ విషపు పొగ తరగతి గదుల్లోకి వచ్చేది. ఫీజుకు బదులు వారానికి 25 ప్లాస్టిక్ వస్తువులు ఇంటి నుంచి తెమ్మని బడి నిర్ణయించింది. పిల్లలు ఆ రేపర్లను సీసాల్లో గట్టిగా కూరి ఇటుకల్లా తయారుచేస్తే వాటిని నిర్మాణాలకు వాడుకుంటున్నారు.

నేను ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించినవాడిని. పారేసిన వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పిన అరవింద్ గుప్తా (2018లో పద్మశ్రీ) పద్ధతే తరగతి గదికి సరైనదని నా నమ్మకం. ఆయన బొమ్మల్లో సింగారం ఉండదు, ప్రతి బొమ్మా ఏదో ఒక సూత్రాన్ని చూపుతుంది. ఖాళీ సీసా పక్కన పైనుంచి కిందికి మూడు రంధ్రాలు చేసి, ఎత్తైన బల్ల అంచున పెట్టి నీళ్లు నింపితే, అడుగు రంధ్రం నుంచి వచ్చే ధార అన్నిటికన్నా దూరంగా పడుతుంది. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుందని ఇక బోర్డు మీద రాయనక్కర్లేదు. ఒకే రంధ్రమున్న సీసాకు మూత బిగిస్తే ధార ఆగిపోతుంది, వదులు చేస్తే మళ్లీ మొదలవుతుంది. అప్పుడు ‘ఎందుకు సార్?’ అని పిల్లలే అడుగుతారు. పగిలిన గాజుల ముక్కలు, మూడు అద్దపు పట్టీలు ఉంటే బహురూపదర్శిని (కెలిడియోస్కోప్) తయారవుతుంది. ప్రయోగానికి వాడిన సీసాకు ఏ జిగురూ అంటదు కాబట్టి, పాఠం అయ్యాక అది పాత సామాన్లలోకి వెళ్లిపోవచ్చు.

ఇంట్లో చేయించదగిన పనులూ ఉన్నాయి. పాల ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా తెగకుండా చూస్తే ఆ చిన్న తునక మురుగుకాలువ పాలు కాదు. కడిగి ఆరబెట్టిన ప్యాకెట్‌కు అడుగున రంధ్రాలు చేసి, మట్టి, పెంటపోగు ఎరువు కలిపి నింపి నేరేడు గింజ వేస్తే అదే నారు సంచి. మొక్కను నేలలో నాటే రోజున ఆ సంచిని చీల్చి వెనక్కి తెచ్చి ఇవ్వాలన్నది కూడా పిల్లలకు చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మరిచేది అక్కడే. పురుగుమందు డబ్బాలు, వాడేసిన బ్యాటరీలు, పాదరసం ఉండే ట్యూబ్‌లైట్లను మాత్రం ఏ బొమ్మకూ వాడకూడదని, ప్లాస్టిక్‌ను ఏ కారణంతోనూ కాల్చకూడదని మొదటి రోజే చెప్పి తీరాలి.

జాతీయ విద్యా విధానం–2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పుస్తకాల సంచి లేని పది రోజులను సూచించింది. ఆ రోజుల్లో పాత చీరలతో బొంతలు కుట్టే అమ్మమ్మలను, కొబ్బరి చిప్పతో గరిటె చేసే తాతయ్యలను బడికి పిలిపించాలి. వాళ్ల దగ్గర నేర్చుకున్న వస్తువు ఇంట్లో ఏళ్ల తరబడి వాడకంలో ఉంటుంది.

విద్యాశాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఇకపై ఇలాంటి పోటీలకు ఇచ్చే ప్రకటనలోనే, కొత్తగా కొన్న వస్తువేదీ వాడరాదనీ, చేసిన వస్తువు మూడు నెలలు బడిలోనో ఇంట్లోనో వాడకంలో ఉన్నాకే బహుమతి నిర్ణయిస్తామనీ రాయండి. దీనికి ప్రత్యేకంగా నిధులు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ సరిపోతుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి