ఇంటిపేరు దగ్గర ఆగిపోయిన స్కాలర్‌షిప్: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, ఇది నేను పెట్టుకుంటున్న నాలుగో అర్జీ. మొదటి మూడూ చేత్తో రాసి, రసీదులు తీసుకుని, జెరాక్సులు ఫైల్లో దాచుకున్నా. ఒక్కదానికీ జవాబు రాలేదు, అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నా. నేనొక జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. ఎన్ఎంఎంఎస్ అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం: ఎనిమిదో క్లాసులో పరీక్ష పెట్టి, నెగ్గిన పేద పిల్లలకి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్. ఆ పరీక్ష నెగ్గిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి.

రెండేళ్ల కిందట ఎనిమిదో క్లాసులో ఉంది. సాయంత్రం బెల్లు కొట్టాక గంటన్నర కూర్చోబెట్టేవాణ్ని, ఉండగలిగిన పద్నాలుగు మందిని. నంబర్ సిరీస్, కోడింగ్ డీకోడింగ్, అద్దంలో బొమ్మ ఎలా కనపడుతుంది, ఇవన్నీ. మెంటల్ ఎబిలిటీ 90, సబ్జెక్టులు 90, మూడు గంటల్లో 180 ప్రశ్నలు, పదమూడేళ్ల పిల్లలకి. ఊళ్లో డబ్బున్నవాళ్ల పిల్లలు ఆరో క్లాసు నుంచే టౌన్లో ఫౌండేషన్ కోచింగ్‌కి పోతారు, మా పిల్లలకి జెరాక్స్ కాగితాలే. ఆ అమ్మాయి వాళ్లమ్మ పత్తి చేలో పని ముగించుకుని వచ్చి స్కూల్ గేటు దగ్గర కూర్చునేది, చీకటి పడ్డాక ఇద్దరూ నడుచుకుంటూ ఊరికి పోయేవాళ్లు. మన ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 4,087 స్కాలర్‌షిప్పులు సార్, అందులో ఒకటి మా పిల్లది. లిస్టు వచ్చిన రోజు హెచ్ఎం గారు అసెంబ్లీలో చప్పట్లు కొట్టించి పెన్ను ఇచ్చారు. ఆ పిల్లకి ఇప్పటిదాకా అందింది ఆ పెన్నే.

ఎందుకంటే సెలెక్షన్ లిస్టులో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది, అదీ ఒక స్పెల్లింగ్ తేడాగా. తొమ్మిదో క్లాసులో స్కాలర్‌షిప్ పోర్టల్లో అప్లై చేస్తే పేరు కలవట్లేదని ముందుకు కదల్లేదు. ఆధార్ మార్చుకోండి అన్నారు, ఆధార్ సెంటర్‌కి పోతే బర్త్ సర్టిఫికెట్ అడిగారు, బర్త్ సర్టిఫికెట్లో ఇంకో స్పెల్లింగ్, అది మార్చాలంటే స్కూల్ రికార్డు తెమ్మన్నారు, స్కూల్ రికార్డులో ఉన్నదే లిస్టులో ఉంది కదా, లిస్టు మార్చమని మేం పై ఆఫీసుకి పోతే అది మా చేతుల్లో లేదు ఇంకా పైకి రాయండి అన్నారు. రాశాం. ఈలోగా పోర్టల్ గడువు అయిపోయింది. ఆ తల్లి నాలుగుసార్లు ఆధార్ సెంటర్‌కి తిరిగింది, నాలుగు రోజుల కూలి పోయింది, ఆటో ఛార్జీలు వేరే. చివరిసారి నాతో ఒకటే మాట అంది, "మాస్టారూ, పేరు తప్పు రాసింది నా బిడ్డ కాదుగదా" అని. నాకు మాట రాలేదు సార్. తెలుగువాళ్లలో ఇంటిపేరు అక్షరంగా రాసుకోవడం ఇవాళ కొత్తగా వచ్చిందా, సగం మంది పిల్లల పేర్లు అలాగే ఉంటాయి, ఆ ఒక్క కారణంతో నాలుగేళ్ల స్కాలర్‌షిప్ పోవాలా?

ఏడాదికి 12 వేలు. 2017లో 6 వేల నుంచి పెంచారు, సంతోషం, కానీ అప్పట్నుంచి అంతే ఉంది, నెలకి వెయ్యి. అయినా ఆ వెయ్యి ఉంటే ఇంటర్‌లో ఎంపీసీకి పంపుతానని ఆ తల్లి నాకు మాటిచ్చింది, ఇప్పుడు ఆ సంగతి ఎత్తట్లేదు. (పాలిటెక్నిక్‌లో చేరితే ఎలాగూ ఈ స్కాలర్‌షిప్ ఆపేస్తారు, తెలివైన పేద పిల్లలు టెన్త్ తర్వాత ఎక్కువగా చూసేది ఆ దారే, ఇదెవరు ఆలోచించారో నాకు అర్థం కాదు.) తెలివైన పిల్లలకి స్కాలర్‌షిప్ ఇచ్చే ఇంకో పరీక్ష, 1963లో మొదలైన టాలెంట్ సెర్చ్, ఎన్టీఎస్ఈ, అది కూడా 2021 నుంచి ఆగిపోయింది. మా ఊళ్లలాంటి చోట తెలివైన పిల్లని ఇదిగో నువ్వు గెలిచావు అని చెప్పడానికి మిగిలింది ఈ ఎన్ఎంఎంఎస్ ఒక్కటే, దీన్నైనా సరిగా అందనివ్వండి. టెన్త్ టాపర్లకి స్టేజీ మీద శాలువా కప్పుతుంటే నేనూ సంతోషంగా చప్పట్లు కొడతా, వాళ్లు కష్టపడ్డారు. ఈ పిల్ల కూడా కష్టపడింది కదా సార్.

నేను అడిగేది పెద్దదేం కాదు. పేరు తేడా వల్ల ఆగిపోయిన పిల్లలందరి అప్లికేషన్లు మళ్లీ తెరిపించండి. అది కేంద్రం పథకం అంటారేమో, అయితే మీరే ఢిల్లీకి రాయండి, నా ఉత్తరం కంటే మీ ఉత్తరానికి బరువుంటుంది. లిస్టులో పేరు సరిచేసే పని జిల్లాలో ఒక మనిషికి అప్పజెప్పండి, ఫలానా ఆయన దగ్గరికి పోండి అని తల్లిదండ్రులకి చెప్పడానికి ఒక పేరుండాలి మాకు. పోయిన ఏడాది డబ్బులు కూడా ఇప్పించండి, దయచేసి ఆ అప్లికేషన్లు తెరిపించండి.

ఈ ఏడాది బ్యాచ్‌కి సిరీస్ లెక్కలు మొదలుపెట్టక ముందే పిల్లల ఆధార్ కార్డులు, స్కూల్ రిజిస్టర్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూశాను. పదకొండు మందిలో ఐదుగురివి కలవలేదు. వాళ్లవి ఎలాగోలా సరిచేయించుకుంటాం. ఆ అమ్మాయి మాత్రం ఇప్పుడు టెన్త్, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అవి అయ్యేలోపైనా జవాబు ఇప్పించండి సార్. మూడు అర్జీల జెరాక్సులూ, రసీదులూ జతచేసి మీ పేషీకి స్పీడ్ పోస్టులో పంపుతున్నా.

ఇట్లు,
ఒక జడ్పీ హైస్కూల్ లెక్కల మాస్టారు