దిద్దిన కాగితాలు కూడా వేయండి

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం అనుబంధంలో అవార్డులు వచ్చిన రచయితల ఇంటర్వ్యూలు వదలకుండా చదువుతాను. ప్రతిసారీ 'మీకు స్ఫూర్తి ఎవరు?' అన్న ప్రశ్న ఉండాల్సిందే. నేను విజయవాడలో డీటీపీ పని చేసుకుంటాను. కథల పుస్తకాలు, కవితా సంపుటాలు టైపు చేసి పేజీలు సెట్ చేసి ఇస్తాను. స్ఫూర్తి సంగతి నాకు తెలియదు గానీ, ప్రూఫు (తప్పులు దిద్దడానికిచ్చే అచ్చు కాపీ) చేతికొచ్చాక ఎవరేం చేస్తారో రోజూ చూస్తుంటాను.

చాలామంది మర్నాడే వచ్చి 'తప్పులేం లేవమ్మా, ప్రింటుకిచ్చేయ్' అంటారు. వత్తులు, దీర్ఘాలు చూస్తారు, వాక్యం జోలికి పోరు. పాపం, వాళ్ల టెన్షన్ వాళ్లది. ఆవిష్కరణ సభకు హాలు మాట్లాడేసి ఉంటారు, ముఖ్య అతిథి డేటు ఇచ్చేసి ఉంటారు. ఆఖరి కథ ఇంకా రాయకముందే ముందుమాటలు మూడు వచ్చేసి ఉంటాయి. (అవి ఏం చదివి రాస్తారో నాకైతే అంతుబట్టదు.)

ఒక పెద్దాయన ఉన్నారు, రిటైరైన పోస్టుమాస్టరు. ప్రూఫు నా ఎదుటే కూర్చుని పైకి చదువుతారు. నోరు తడబడిన చోటల్లా పెన్సిల్ గీత. ఒక కథలో మొదటి పేజీ మొత్తం కొట్టేశారు. 'బాగానే ఉంది కదండీ' అన్నాను. 'బాగుందమ్మా, కానీ కథ రెండో పేజీలో మొదలవుతోంది' అన్నారు. పేజీలన్నీ మళ్లీ సెట్ చేయాలంటే నాకు విసుగే. అదనంగా డబ్బు అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చారు. ఇప్పుడు ఆయన కథలను సంకలనాలకు అడిగి మరీ తీసుకుంటున్నారు.

గురజాడ 'కన్యాశుల్కం' 1892లోనే వేదికెక్కింది, 1897లో అచ్చయింది. అయినా ఆయన దాన్ని వదల్లేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకమే. మనం ఇవాళ చెప్పుకునే మధురవాణి అంత ఎదిగింది అందులోనే. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) రాసిన కథలు తక్కువే. ఊరూరి నుంచీ ఇతరుల కథలు సేకరించి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల లైబ్రరీ పెట్టారు. నా దగ్గరికొచ్చే కొందరికేమో పక్కవాళ్ల పుస్తకం తిరగేసే ఓపికే ఉండదు, తమది మాత్రం ఊరంతా చదవాలి!

అందుకే ఈ మనవి. ఇకమీదట ఇంటర్వ్యూ పక్కన ఆ రచయిత చిత్తుప్రతిలోంచి ఒక పేజీ ఫొటో వేయండి. కొట్టివేతలు, బాణం గుర్తులు, అంచుల్లో ఇరికించిన మాటలు అన్నీ కనబడాలి. నేరుగా కంప్యూటర్‌లో రాసేవాళ్లయితే ముందు రాసిన పేరా, మార్చాక ఉన్న పేరా పక్కపక్కన ఇవ్వొచ్చు. చోటు చాలదంటారా, శాలువా కప్పుతున్న ఫొటో తీసేస్తే సరిపోతుంది.

– ఒక డీటీపీ ఆపరేటర్, విజయవాడ