ఫిల్టర్ పెట్టారు సరే, తీసేదెవరు?

సంపాదకులు గారికి,

కర్నూలు నుంచి వెల్దుర్తి, డోన్ మీదుగా గుత్తి వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద యాక్సిడెంట్ అయిందంటే 108 వచ్చిందా, రక్తం దొరికిందా, ఆపరేషన్ అయిందా అన్నంత వరకే మన ఆరా. ఆపరేషన్ బాగా జరిగి, మనిషి ఇడ్లీ తిని, ఇంటికెప్పుడు పంపిస్తారని అడుగుతూ ఉన్నట్టుండి ఆయాసపడి పోయిన కేసులు కూడా ఉంటాయి. వెంటనే బంధువులు డ్యూటీ డాక్టర్ మీద పడతారు. ఏళ్ల తరబడి వార్డుల్లో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, ఈ గొడవలు చాలా చూశాను.

అలాంటి చావుల్లో కొన్నిటికి కారణం కాలి సిరలో మొదలవుతుంది. తొడ ఎముకో, కటి ఎముకో విరిగి కదలకుండా పడుకున్నవాళ్లకు అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి, గుండె దాటి, ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డం పడుతుంది. మామూలుగా దీన్ని ఆపడానికి రక్తం పలుచన చేసే హెపారిన్ రకం ఇంజెక్షన్లు ఇస్తారు. కానీ తలలో రక్తస్రావం ఉన్నవాళ్లకో, కాలేయం చిట్లినవాళ్లకో అవి ఇస్తే ఇంకో ప్రమాదం. అప్పుడు కొన్ని చోట్ల మెడ దగ్గరో, గజ్జ దగ్గరో సిరలోంచి గొట్టం పంపి, శరీరం కింది భాగం రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిరలో (దాన్నే ఐవీసీ అంటారు) ఒక ఫిల్టర్ పెడతారు. బట్ట ఊడిన గొడుగు పుల్లల్లా ఉంటుంది. గడ్డ వస్తే దాని దగ్గర ఆగిపోతుంది.

పెద్ద యాక్సిడెంట్ కేసులన్నిటికీ ముందుజాగ్రత్తగా ఇది పెట్టేస్తే పోలా, జిల్లా ఆస్పత్రులకు కూడా తెప్పిస్తే పోలా అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియాలో తీవ్రంగా గాయపడి, రక్తం పలుచన చేసే మందులు ఇవ్వడానికి వీల్లేని 240 మందిని తీసుకుని ఈ సంగతే పరీక్షించారు. 2019లో ఫలితం వచ్చింది. మొదటి 72 గంటల్లోనే ఫిల్టర్ పెట్టినవాళ్లలో, 90 రోజుల్లోపు ఊపిరితిత్తుల్లో గడ్డ లక్షణాలు వచ్చినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిసి 13.9 శాతం. పెట్టనివాళ్లలో 14.4 శాతం. ఏమంత తేడా? అయితే వారం దాటినా ఇంజెక్షన్లు మొదలుపెట్టలేకపోయిన వాళ్లలో మాత్రం ఫిల్టర్ ఉన్నవాళ్లెవరికీ ఊపిరితిత్తుల్లో గడ్డ రాలేదు, లేనివాళ్లలో అయిదుగురికి వచ్చింది. అంటే అది కొందరికి పనికొస్తుంది, అందరికీ కాదు.

మిగతావాళ్లకు కావలసినవి చవకైనవి. రక్తస్రావం ఆగిందని డాక్టర్లు తేల్చగానే ఆలస్యం లేకుండా ఇంజెక్షన్ మొదలవ్వాలి. అంతదాకా పిక్కలను నొక్కి వదిలే గాలి పట్టీల మిషన్లు ఐసీయూల్లో చాలినన్ని ఉండాలి. వీలైనంత త్వరగా మంచం దింపి నడిపించే ఫిజియోథెరపిస్టు ఉండాలి. వీటికి ఎవరూ రిబ్బన్ కట్ చేయరు, అదే వచ్చిన చిక్కు.

అసలు నా బాధ ఫిల్టర్ పెట్టించుకుని వచ్చినవాళ్ల గురించి. తలకు దెబ్బ అనగానే మనవాళ్లు హైదరాబాద్‌కో, బెంగళూరుకో పరిగెత్తుతారు. మా బంధువుల అబ్బాయికి అలాగే ఒక పెద్ద ఊళ్లో ఆపరేషన్ అయింది. చాలాకాలం తర్వాత నడుం నొప్పి అని ఎక్స్‌రే తీస్తే వెన్నెముక పక్కన సన్నటి తీగల గుత్తి కనబడింది. ఇదేంటని టెక్నీషియన్ అడిగితే, "అప్పుడేసిన రాడ్డేమో సార్" అన్నాడు వాళ్ల నాన్న. డిశ్చార్జ్ సమ్మరీ తిరగేశాను. యాంటీబయాటిక్స్ పేర్ల మధ్యలో ఇరుక్కుని ‘ఐవీసీ ఫిల్టర్ ప్లేస్డ్’ అని ఒక్క ముక్క. ఎప్పుడు తీయాలో లేదు, ఎవరిని కలవాలో లేదు.

ఎక్కువకాలం వదిలేస్తే దాని పుల్లలు సిర గోడలోకి దిగబడొచ్చు, విరిగి వేరే చోటికి పోవచ్చు, అక్కడే గడ్డకట్టి కాళ్లు వాయొచ్చు. అవసరం తీరగానే తీసేయమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనూ, 2014లోనూ చెప్పింది. గడ్డ వచ్చే ముప్పు తగ్గినవాళ్లకు, పెట్టాక 29 నుంచి 54 రోజుల మధ్య తీయడమే మేలని దాని లెక్క. మన దగ్గరేమో కేంద్రం 2025లో తెచ్చిన రోడ్డు ప్రమాద బాధితుల క్యాష్‌లెస్ పథకం లక్షన్నర వరకు, ప్రమాదం జరిగిన ఏడు రోజుల వరకే. మంచి పథకమే, కాదనను. కానీ నెల దాటాక తీయాల్సిన ఫిల్టర్ ఖర్చు దానిలోకి ఎలా వస్తుంది?

అందుకని రాష్ట్ర ఆరోగ్య శాఖను అడిగేది ఇదీ. పెట్టిన ఆస్పత్రే తీసే తేదీ కూడా తెలుగులో పెద్ద అక్షరాలతో రాసివ్వాలి, ఆ తేదీకి ఫోన్ చేసి పిలవాలి. తీసే ఖర్చును ఎన్టీఆర్ వైద్య సేవ కింద పెట్టిన రోజే ఖాయం చేయాలి. కూలి మానుకుని బెంగళూరు బస్సెక్కలేని వాళ్లకు కర్నూలు పెద్దాసుపత్రిలోనే తీసే ఏర్పాటు ఉండాలి.

ఈలోగా, ఇంట్లో ఎవరికైనా పెద్ద యాక్సిడెంట్ ఆపరేషన్ జరిగి ఉంటే పాత ఫైల్ ఒకసారి తీసి ‘ఐవీసీ ఫిల్టర్’ అన్న ఆ రెండు మాటల కోసం వెతకండి. కనబడితే ఫైలు పట్టుకుని డాక్టర్‌ను కలవండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కర్నూలు