సకినాల డబ్బాలో ఉత్తరం

హన్మకొండ

చి. స్వప్నకు బాపు ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి ఒకరోజు తగ్గితే రెండు రోజులు ఉంటోంది. జామచెట్టు ఈసారి విరగకాసింది, కోసేవాళ్లు లేక కోతులు తింటున్నాయి. రాజేందర్ మామ రేపు హైదరాబాద్ వస్తున్నాడు కాబట్టి సకినాలు పంపిస్తున్నాం. పైన ఉన్నవి నువ్వుల సకినాలు, అడుగున ఉన్నవి కారం పూసినవి. ఫోన్ చేస్తే ‘మీటింగులో ఉన్నా బాపూ’ అని మెసేజ్ పెడతావు. ఆదివారం రాత్రి పదింటికి ఏం మీటింగో. ఉత్తరం అయితే నీ మీటింగు అయ్యేదాకా డబ్బాలో ఆగుతుంది.

అడగొద్దనే అనుకున్నాను గానీ, ఆ బకెట్టు సంగతేంది?

సన్నీ చెప్పాడు. స్టేటస్ పెట్టావట. బాల్కనీలో బకెట్టు నిండా సిరా లాంటి నీళ్లు, పక్కన టబ్బులో సైలెన్సర్ ముక్క, కింద ‘ఇంట్లోనే వైద్యం’ అని రాత. నాకు కనబడలేదు. మీ అమ్మకూ కనబడలేదు. కొందరికి కనబడకుండా కూడా పెట్టుకోవచ్చట కదా, అది కూడా సన్నీ చెబితేనే తెలిసింది. సరే, నీ ఇష్టం.

వాడు చెప్పింది విని, అది సైలెన్సర్ కాదురా, డీపీఎఫ్, డీజిల్ కారు పొగలో మసిని ఆపే ఫిల్టర్ అన్నాను. నేను 2017లో రిటైర్ అయ్యాను, మా బస్సు డిపో బండ్లకు ఇది లేదు. కానీ 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగ మీద బీఎస్-6 అనే కొత్త నిబంధన వచ్చిన తర్వాత యాకూబ్ షెడ్డులో కూర్చొని ఇలాంటివి చాలా చూశాను. చాయ్ తాగడానికి పోతున్నానని మీ అమ్మ అనుకుంటుంది. ఆ రేకు డొల్లలో ఉండేది మట్టితో కాల్చిన తేనెపట్టు లాంటిది. ఒక గొట్టం ఇటు తెరిచి అటు మూసి ఉంటుంది, దాని పక్కది అటు తెరిచి ఇటు మూసి ఉంటుంది. పొగ గోడలోంచి దూరి బయటికి పోతుంది, మసి లోపలే ఉండిపోతుంది. మసి నిండితే బండే కాస్త డీజిల్ ఎక్కువ పోసుకొని, లోపల 600 డిగ్రీల దాకా వేడి చేసుకొని దాన్ని కాల్చేసుకుంటుంది. ఇందులో నువ్వు చేయాల్సిందల్లా బండిని ఒక ఇరవై నిమిషాలు ఆగకుండా రోడ్డు మీద నడపడం. అంతే.

ఆ ఇరవై నిమిషాల దగ్గరే నాకు టెన్షన్.

డీజిల్ బండి వద్దన్నాను, గుర్తుందా? నీ గది నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు, ఇంజన్ వేడెక్కే లోపే దిగిపోతావు, పెట్రోలుది తీసుకో అన్నాను. నువ్వేమన్నావు? ‘పదిహేను రోజులకొకసారి వరంగల్ వస్తాను కదా బాపూ, రానూ పోనూ మూడు వందల కిలోమీటర్లు, ఫిల్టర్ దానంతటదే సాఫ్ అవుతుంది’ అన్నావు. ఆ ఒక్క మాట మీదే ఒప్పుకున్నాను. నిజంగానే మూడేళ్లు ఏ లైటూ వెలగలేదు. దసరాకు వచ్చి వెళ్లావు, దీపావళికి రాలేదు, సంక్రాంతికి పనుందన్నావు. ఇప్పుడు ఫిల్టర్ జామ్ అయింది. నేనేమీ అనడం లేదు. మెకానిక్‌ను కాబట్టి లెక్క చెబుతున్నానంతే.

నర్సంపేట వాళ్ల సంబంధం సంగతి నేనైతే మళ్లీ ఎత్తను.

దానికన్నా ఆ నీళ్లలో ఏం పోశావో అది చెప్పు. బాత్రూం కడిగే యాసిడ్ ఒక సీసా, కాస్టిక్ సోడా ఒక డబ్బా కొన్నావని సన్నీ అన్నాడు. ఇంకా పోయకపోతే అక్కడే ఆపు. పోసి ఉంటే ముక్కుకు గుడ్డ కట్టుకొని కిటికీలు తెరువు, ఆ రెండూ మాత్రం ఒక్కచోట కలపకు. నా ఎడమ పాదం మీద మచ్చ ఉంది కదా, సైకిల్ చైను కోసుకుందని నీకు చిన్నప్పటి నుంచి చెబుతున్నాను. అది చైను కాదు.

నేను డిపోలో చేరకముందు మాట. కొమురయ్య మామకు చేతక్ స్కూటర్ ఉండేది. పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలో ఆయనకు లెక్క లేదు, దొరికినంత పోసేవాడు. సైలెన్సర్ లోపల మసి గడ్డకట్టి, బండి కాజీపేట బ్రిడ్జి ఎక్కలేక దగ్గేది. షెడ్డులో ఇస్తే పైసలు పోతాయని నా దగ్గరికి తెచ్చాడు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, అన్నీ వచ్చనుకునే వయసు. కాస్టిక్ సోడా వేడినీళ్లలో కలిపి పోస్తే మసి కరుగుతుందని ఎవరో అన్నారు. మాట నిజమే, ఇనుప సైలెన్సర్‌కు అలా చేసేవాళ్లు. కాని నేను కలిపింది దేంట్లో? మీ నానమ్మ అంబలి కాచే అల్యూమినియం గంజులో. పెళ్లప్పుడు వాళ్ల అన్న కొనిచ్చిన గంజు అది. సోడా వేశానో లేదో, పొయ్యి మీద లేకుండానే నీళ్లు కుతకుతా ఉడకడం మొదలుపెట్టాయి. పొగ, వాసన. నేను వంగి చూస్తున్నాను. కొమురయ్య మామ ‘పని చేస్తోంది, పని చేస్తోంది’ అని చప్పట్లు కొడుతున్నాడు. కాసేపటికి గంజు అడుగున చిల్లులు పడి, ఆ నీళ్లన్నీ నా కాలి మీదికి కారాయి. మీ నానమ్మ బావి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి బిందెల మీద బిందెలు కుమ్మరించింది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే బాగుండేది. నెల రోజులు అంబలి మట్టికుండలో కాచి, ఆ చిల్లుల గంజులో బంతిమొక్క పెట్టింది. వాకిట్లో దాన్ని చూసినప్పుడల్లా నా ప్రాణం చచ్చిపోయేది. స్కూటర్ సంగతి అడుగుతావేమో, అది ఆ తర్వాత కూడా దగ్గుతూనే ఉంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, నీ ఫిల్టర్ తేనెపట్టు మీద ఉండే పూతలో కూడా అల్యూమినియం సంబంధమైన పదార్థమే ఉంటుంది, దాన్ని పట్టుకొని ప్లాటినం ఉంటుంది. సోడా మసి ఒక్కదాన్నే తినదు. కార్లు కడిగే ప్రెషర్ పంపు కూడా పెట్టకు, లోపలి గోడలు పగులుతాయి. ఇంజన్ వైపు నుంచి నీళ్లు కొడితే బూడిద ఇంకా అడుగుకు పోయి దిమ్మిస గొట్టినట్టు బిగుస్తుంది. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, గుర్తుపెట్టుకో. అది ఇంజన్ ఆయిల్‌లోంచి వచ్చేది. అందుకే ఆయిల్ మార్చేటప్పుడు నీ బండి పుస్తకంలో రాసిన తక్కువ బూడిద రకమే పోయమను, వంద రూపాయలు తక్కువని ఏదో ఒకటి పోయనీయకు. ఆయిల్ పుల్ల తీసి చూశావా? మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే వెంటనే మార్పించు. ఫిల్టర్‌ను కాల్చబోయి సగంలో ఆగిపోయిన ప్రతిసారీ కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది.

అసలు విప్పకముందు ఆ రెండు సన్న రబ్బరు పైపులు చూశావా? ఫిల్టర్ ముందు ఒకటి, వెనక ఒకటి, సెన్సర్‌కు పోతాయి. వాటిలో ఒకటి పగిలినా, మూసుకుపోయినా ఫిల్టర్ బాగానే ఉండి లైటు వెలుగుతుంది. రోగం ఎక్కడుందో చూడకుండా ఆపరేషన్ చేసే అలవాటు నీకెక్కడిది? మీ అమ్మ వైపుదే అయ్యుంటుంది.

విప్పింది ఎవడో వాడి చేతికే ఇచ్చి, ఫిల్టర్లు సాఫ్ చేసే చోటికి పంపించు. వాళ్లు కొలిమిలో గంటల తరబడి కాల్చి, వెనక వైపు నుంచి గాలి కొట్టి, ముందూ వెనకా తూకం వేసి చూపిస్తారు. అవసరం లేదు, లోపలిది కొట్టేసి ఖాళీ డొల్ల బిగిస్తానని ఎవడైనా అంటే వినకు. అది చట్టానికి విరుద్ధం. పైగా డీజిల్ పొగతో క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు 2012లోనే తేల్చారు. చిన్నప్పుడు నీ ఆయాసానికి ఎన్ని రాత్రులు నిన్ను భుజాన వేసుకొని ఎంజీఎం ఆసుపత్రి వరండాలో తిరిగానో నీకు గుర్తుండదు. అలాంటిది, ఇప్పుడు బాల్కనీలో కూర్చొని మసి దులుపుతున్నావు! మాస్కు పెట్టుకున్నావా? ఆ నల్లనీళ్లు మోరీలో పోయకు, చెట్లకు అసలే పోయకు. డబ్బాలో పట్టి మూత పెట్టి షెడ్డువాడికే ఇవ్వు.

పైసలకు ఇబ్బందిగా ఉండి ఇంట్లో మొదలుపెట్టావా? అదైతే చెప్పు. ఉద్యోగం సంగతేమైనా ఉందా? మీ అమ్మ అడగమంది. నేనైతే నీకు పంతం వచ్చి చేసి ఉంటావనుకుంటున్నాను. మామ చేతికి ఒక కవరు కూడా ఇచ్చాను, వాడి ముందు విప్పకు.

దసరా నాడు నేను నలుగురిలో ఆ మాట అనకుండా ఉండాల్సింది. అది రాద్దామనే ఈ కాగితం తీశాను, మధ్యలో బండి గోల పడింది.

ఫిల్టర్ బాగైన తర్వాత కొత్త ప్యాకింగ్ వేసి బిగించమను, కంప్యూటర్ పెట్టి బండిలో ఉన్న పాత మసి లెక్క చెరిపించు. ఇంజన్ లైటు వెలుగుతున్నా, బండి లాగకపోయినా రోడ్డెక్కకు. అంతా సరిగ్గా ఉంటే శనివారం పొద్దున ఆరింటికే బయలుదేరు. ట్యాంకులో పావు కంటే తక్కువ ఉంచకు, చాలా బండ్లు అప్పుడు కాల్చే పనే మొదలుపెట్టవు. ఉప్పల్ దాటేదాకా ఎలాగూ పాకుడే. బీబీనగర్ దాటిన తర్వాత నాలుగో గేరులో, ఎనభైకి తగ్గకుండా పట్టు. భువనగిరి గుండు కనబడిందని ఫొటోల కోసం ఆపకు, ఎండుగడ్డి మీద అయితే అసలే ఆపకు, కింద మండుతూ ఉంటుంది. ఆలేరు వచ్చేసరికి దాని పని అయిపోతుంది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి పోవాలనిపిస్తే పో, నేనేమీ అనుకోను. కాకపోతే ఆలేరు సగం దారి.

ఈ స్టీలు డబ్బా మీ నానమ్మది. ఖాళీ అయిన తర్వాత మామ చేతికి ఇచ్చి పంపకు, వాడు ఎక్కడో మరిచిపోతాడు. నువ్వే తీసుకొనిరా.

మీ బాపు