384 మందిని ఎక్కడి నుంచి తెచ్చారు?

సంపాదకుడు గారికి,

తిరుపతిలో పీజీ డిసర్టేషన్ల (పరిశోధన రిపోర్టుల) సీజన్ వచ్చిందంటే జిరాక్స్ షాపుల వాళ్లకు ఊపిరి సలపదు. టైపింగు, బైండింగుతో పాటు ఈ మధ్య ‘డేటా అనాలిసిస్’ కూడా చేసి ఇస్తున్నారు. నింపిన ప్రశ్నావళుల కట్ట అప్పగిస్తే చాలు, టేబుళ్లు, బార్ చార్టులు, కై స్క్వేర్ (రెండు విషయాల మధ్య సంబంధం ఉందో లేదో చూసే టెస్టు) ఫలితం, దాని కింద రెండు లైన్ల వివరణ అన్నీ ప్రింటై వస్తాయి. ఆ రెండు లైన్లకు అర్థమేమిటో రాసినవాడికీ తెలియదు, రాయించుకున్నవాళ్లకీ తెలియదు. వైవా మాత్రం అయిపోతుంది.

నేను అర్థ గణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పాత చిత్తూరు జిల్లా మండలాల్లో పంట కోత ప్రయోగాలు, వర్షపాతం లెక్కలు, రకరకాల సర్వేలు, ఇదే నా ఉద్యోగం. ఆ సంగతి తెలిసి మా వీధి పిల్లలు ‘అంకుల్, కొంచెం ఎస్‌పీఎస్‌ఎస్ రన్ చేసి పెడతారా’ అంటూ వస్తుంటారు. అది గణాంకాల లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్. సోషియాలజీ, సోషల్ వర్క్, ఎకనామిక్స్, ఎంబీఏ, అన్ని రకాల వాళ్లూ ఉంటారు. తెలివైన పిల్లలే. రీసెర్చ్ మెథడాలజీ పేపరులో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. శాంపిలింగ్ రకాలు రాయమంటే నాలుగు పేజీలు రాస్తారు. ‘మరి నీ శాంపిల్ ఎలా తీశావమ్మా’ అంటే ‘గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం అంకుల్’ అంటారు. రిపోర్టు మూడో చాప్టరులో మాత్రం ‘సింపుల్ రాండమ్ శాంపిలింగ్’, అంటే అందరిలోంచీ లాటరీ తీసినట్టు ఎంపిక, అని ఉంటుంది.

ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. ఈత గురించి నోట్సు చెప్పి పరీక్ష పెట్టినట్టు ఈ పేపరు చెప్పేస్తున్న పద్ధతి మీదే నా ఫిర్యాదు.

ఈ రిపోర్టుల్లో తరచూ కనిపించే అంకె 384. ఎందుకు 384 అంటే ‘టేబుల్‌లో ఉంది’ అంటారు. అది 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు ప్రచురించిన టేబుల్. పది లక్షల జనాభాకు 384 మంది చాలని అందులో ఉన్నమాట నిజమే. దానికి షరతులున్నాయి. జనాభాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. అప్పుడే మన అంచనా నూటికి 95 సార్లు అసలు విలువకు 5 శాతం అటూ ఇటూ లోపల పడుతుంది. వాట్సాప్‌లో దొరికిన 384 మందికి ఈ హామీ వర్తించదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ 384 మందిని నాలుగు మండలాలకు 96 మంది చొప్పున పంచి, ఏ మండలం మెరుగో తేల్చేస్తారు. 96 మందితో వేసిన అంచనాకు ఆ అటూ ఇటూ తేడా 5 శాతం దగ్గర ఆగదు, 10 శాతానికి పోతుంది. ఈ లెక్క వేయడానికి బడిలో నేర్చుకున్న వర్గమూలం చాలు. క్లాసులో ఎవరూ వేయించలేదు, అంతే.

ఎక్కువ మందిని అడిగితే తప్పు దానంతటదే సర్దుకుంటుందని ఇంకొందరి నమ్మకం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపింది. 23 లక్షల మంది దాకా జవాబిచ్చారు. ల్యాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. గెలిచింది రూజ్వెల్ట్, అదీ 48 రాష్ట్రాల్లో 46 చోట్ల. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ తీసుకున్నవి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరో చెప్పనక్కర్లేదు. పైగా పనిగట్టుకుని జవాబు రాసినవాళ్లు ఒక రకం మనుషులు. అదే ఎన్నికలో అభిప్రాయ సర్వేలు చేసే గ్యాలప్ సుమారు 50 వేల మందిని అడిగి రూజ్వెల్టే గెలుస్తాడని చెప్పాడు. మన గూగుల్ ఫామ్ ఆ కార్డుకు మనవరాలు.

తిరుమల యాత్రికుల మీద చేసే ప్రాజెక్టులనే తీసుకోండి. శనివారం పొద్దున అలిపిరి మెట్ల దగ్గర నిలబడి వంద ఫారాలు నింపితే నడిచి వెళ్లేవాళ్ల అభిప్రాయం తెలుస్తుంది. బస్సులో కొండెక్కిన ముసలివాళ్లు, శ్రీవారి మెట్టు దారిన పోయినవాళ్లు, మంగళవారం వచ్చినవాళ్లు అందులో లేరు. అడిగేవాళ్లకు భాష రాక తమిళ, కన్నడ భక్తులను వదిలేసి ఉంటే వాళ్లూ లేరు. రిపోర్టు పేరు మాత్రం ‘తిరుమల యాత్రికుల సంతృప్తి స్థాయి’.

మా శాఖలో రాండమ్ అంటే ఏమిటో మాకు పొలమే నేర్పింది. పంట దిగుబడి అంచనా వేసే పంట కోత ప్రయోగానికి ఊరు, సర్వే నంబరు, పొలం అన్నీ రాండమ్ నంబర్లతోనే తేలతాయి. పొలంలోకి దిగాక నైరుతి మూల నుంచి, నంబరు చెప్పినన్ని అడుగులు ఇటు, అన్ని అడుగులు అటు నడిచి, అక్కడ ఐదు మీటర్ల చదరం తాడుతో గుర్తుపెట్టాలి. రైతు ఊరుకోడు. మామూలు ఏడాది అయితే ‘సార్, ఆ పక్క బాగా కాసింది, అక్కడ పెరకండి’ అంటాడు. బీమా వస్తుందన్న ఆశ ఉన్న ఏడాది ఎండిన మూల చూపిస్తాడు. రెండూ కుదరవు. మన చేతిలో ఎంపిక లేకపోవడమే ఆ పద్ధతి బలం. మహలనోబిస్, సుఖాత్మే వంటి గణాంక శాస్త్రవేత్తలు ఈ దేశపు పొలాల్లో పాదుకొల్పిన పద్ధతి ఇది. పీజీ విద్యార్థులను ఒక్క రోజు వేరుశనగ చేలోకి తీసుకెళ్లి ఇది చూపిస్తే నాలుగు పేజీల నోట్సు అక్కర్లేదు.

టెస్టుల సంగతి ఇంకా ఘోరం. వయసు, కులం, చదువు, ఆదాయం వంటివి ఆరు, అభిప్రాయాలు ఇరవై, ప్రతిదాన్నీ ప్రతిదానితో కలిపి 120 కై స్క్వేర్లు వేయిస్తారు. అసలే సంబంధమూ లేకపోయినా 0.05 గీత దగ్గర, అంటే నూటికి ఐదు చొప్పున, కేవలం యాదృచ్ఛికంగానే సగటున ఆరు ‘సిగ్నిఫికెంట్’ (సంబంధం ఉంది) అని వస్తాయి. ఆ ఆరింటి మీద ‘ఫైండింగ్స్’ చాప్టరు రాసేస్తారు. వంద మందిని నాలుగు వయసులు, ఐదు జవాబులుగా విడగొడితే ఇరవై గళ్లు, గడికి సగటున ఐదుగురు. సగం గళ్లలో అంతకంటే తక్కువే ఉంటారు. అప్పుడు ఆ టెస్టును నమ్మకూడదు. అలాంటి గళ్లు ఎన్నున్నాయో సాఫ్ట్‌వేరే టేబుల్ కింద చిన్న అక్షరాల్లో ఒక లైను చూపిస్తుంది. షాపువాడు ఆ లైను తీసేసి ప్రింటు ఇస్తాడు!

‘మేము ఆర్ట్స్ వాళ్లం, మాకు స్టాట్స్ ఎందుకు’ అనే మాట పిల్లల నోటే కాదు, కొందరు పెద్దల నోటా విన్నాను. మన తెలుగువాడు, గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది అక్కడి మానవశాస్త్ర మ్యూజియంలో సూడాన్ అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి. మరి ఆర్ట్స్‌కు స్టాట్స్‌తో పనిలేదంటే ఎలా?

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఇంతకుముందు పీజీకీ పీహెచ్‌డీకీ మధ్య ఎంఫిల్ అనే పరిశోధన డిగ్రీ ఉండేది. పద్ధతులు పీజీలో రాకపోయినా ఆ కాలంలో కొంత ఒంటబట్టేది. 2022 యూజీసీ నిబంధనలతో ఎంఫిల్ ఎత్తేశారు. పీహెచ్‌డీలో కోర్స్‌వర్క్ ఉన్నా, పునాది పీజీలోనే పడాలి. మరోపక్క 2011 తర్వాత దేశంలో జనగణన లేదు, 2027కు ప్రకటించారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాకైతే ఒక జిల్లాగా సొంత జనగణన లెక్కే లేదు. చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చిన మండలాల పాత అంకెలు కూడుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉన్నదీ పాత చిత్తూరు జిల్లానే. ఆ అంకె తెచ్చి నేటి చిత్తూరుకు అంటగట్టిన థీసిస్ చూసి నేను తల పట్టుకున్నాను. రేపు ఈ పిల్లలే లెక్చరర్లవుతారు, స్వచ్ఛంద సంస్థల్లో సర్వేలు చేస్తారు, వాళ్ల రిపోర్టులు చూసి పథకాలకు డబ్బు కేటాయిస్తారు.

ఉన్నత విద్యామండలి, ఇక్కడి విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పని పెద్ద ఖర్చుది కాదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గణాంకాల సాఫ్ట్‌వేర్లలో ‘ఆర్’ ఉచితం, మౌస్‌తో నడిచే జమోవి ఉచితం. జాతీయ నమూనా సర్వేల ముడి డేటా కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైటులో నమోదు చేసుకుంటే ఉచితంగా వస్తుంది. మెథడాలజీ పేపరు సగం మార్కులు ల్యాబుకు, ఫీల్డుకు ఇవ్వండి. మొదటి సెమిస్టరులోనే మొదలుపెట్టండి, చివరి సెమిస్టరులో హడావుడిగా కాదు. వైవాలో రిపోర్టుతో పాటు నింపిన ఫారాలు, డేటా ఫైలు టేబుల్ మీద పెట్టించండి. ఏదో ఒక టేబుల్ అక్కడికక్కడే మళ్లీ వేసి చూపించమనండి. ఈ ఒక్క నిబంధనతో షాపుల్లో సగం గిరాకీ పోతుంది.

ఇంకొకటి. ప్రతి డిసర్టేషన్‌లోనూ అంకెలు ఉండి తీరాలన్న పట్టుదల ఎందుకో నాకు అర్థం కాదు. మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను 1950ల మొదట్లో అధ్యయనం చేసిన తీరు వేరు, ఊరి జీవితాన్ని దగ్గర నుంచి చూసి రాశాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ పనికి వచ్చే ఆడవాళ్లతో నెల రోజులు తిరిగి, పది మంది మాటలు నిజాయితీగా రాసిన విద్యార్థికి ‘శాంపిల్ తక్కువ’ అని మార్కులు కోయడం అన్యాయం. ఆ పద్ధతికీ క్రమశిక్షణ ఉంది, అదీ నేర్పాలి.

ఫీల్డు పని నేర్పేవాళ్లు లేరనే సాకు చెప్పొద్దు. తిరుపతిలో, చిత్తూరులో మా శాఖ నుంచి రిటైరైనవాళ్లం చాలామందిమి ఖాళీగానే ఉన్నాం. గౌరవ వేతనం అక్కర్లేదు, చేలోకి వెళ్లడానికి బస్సు చార్జీలు ఇస్తే వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత గణాంక ఉద్యోగి,
తిరుపతి