కనిపించని వైకల్యానికీ పార్కింగ్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే వ్యాధితో బాధపడుతున్న నేను ఇక్కడి ఒక షాపింగ్ మాల్‌లో దివ్యాంగులకు కేటాయించిన చోట కారు ఆపినప్పుడల్లా, చేతిలో వైకల్య గుర్తింపు కార్డు ఉన్నా, "బాగానే నడుస్తున్నారు కదా మేడమ్, బండి తీయండి" అని కాపలా సిబ్బంది చేత మాట పడవలసి వస్తోంది. కారు దిగినప్పుడు మామూలుగా నడిచే కాళ్లు ఎండ తగిలిన కాసేపటికే మొద్దుబారిపోయి, తిరిగి వచ్చేటప్పుడు గోడ పట్టుకుంటే గాని అడుగు పడని స్థితి వస్తుందని చూసేవారికి ఎలా తెలుస్తుంది? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఈ వ్యాధితో పాటు హీమోఫిలియా, తలసేమియా, సికిల్ సెల్ వంటి రక్త వ్యాధులు కూడా ఉన్నాయి. బోర్డు మీద చక్రాల కుర్చీ బొమ్మ తప్ప మరేమీ లేనప్పుడు కాపలా సిబ్బందిని తప్పుపట్టలేను. కార్డు చూపినవారిని ప్రశ్నించకుండా అనుమతించాలని మాల్‌లు, ఆసుపత్రుల యాజమాన్యాలు తమ కాపలా సిబ్బందికి స్పష్టంగా చెప్పాలని, పురపాలక అధికారులు ఆ మేరకు ఆదేశాలు జారీ చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్