బండి ఎప్పుడిస్తావని అడుగుతున్న అందరికీ

ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక గొంతు పోతోంది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా. నా షెడ్డులో బాగుచేసి సంక్రాంతికి ఇస్తానన్న పాత బైకుల్లో సగం సంక్రాంతికి రావు. పెయింట్, క్రోమ్, స్టిక్కర్ల పని ఎప్పుడంటే అప్పుడైపోతుంది, మన విజయవాడ ఆటోనగర్‌లో ఆ పనివాళ్లకి కొదవా? ఆగింది క్రాంకుల దగ్గర, అంటే ఇంజిన్ లోపల పిస్టన్ తిప్పే ఇరుసు దగ్గర.

యమహా ఆర్ఎక్స్ 100 బైకు మన దగ్గర 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. రాజ్‌దూత్ పేరుతో వచ్చిన యమహా ఆర్డీ 350 అయితే 1983 నాటిది. వీటికి బజార్లో దొరికే కాన్‌రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకి కలిపే రాడ్) కిట్లలో పెట్టె మీద పేరొకటి, లోపల సరుకొకటి. రాడ్ పక్కకి ఎంత ఆడుతోందో గేజ్ పెట్టి చూసి, నచ్చకపోతే తిప్పి పంపేస్తున్నా, ఆలస్యమంతా అక్కడే.

చాలామంది పొగ గురించి అడుగుతున్నారు. తెల్లపొగ దట్టంగా వస్తూ గేర్ ఆయిల్ కూడా తగ్గుతోందంటే క్రాంకుకి క్లచ్ వైపున ఆయిల్ని ఆపే రబ్బరు రింగు, అదే ఆయిల్ సీల్, పోయినట్టే, గేర్ ఆయిల్ క్రాంక్ ఉండే గదిలోకి దిగి కాలిపోతోందన్నమాట. దానికి టూటీ ఆయిల్ (పెట్రోల్‌తో కలిసి పిస్టన్‌కి జారుడునిచ్చే ఆయిల్) పంపు తగ్గించమని సలహా ఇచ్చే మహానుభావులున్నారు, వాళ్ల మాట విన్నారో పిస్టన్ జామ్ అయ్యి బోరింగుకి, అంటే సిలిండర్ లోపల కోయించడానికి, నా దగ్గరికే వస్తారు. అలాగే బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా ఇంజిన్ రేస్ అవుతూనే ఉందంటే, ముందు క్రాంకుకి రెండో పక్క, కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ వైపున్న సీల్ చూపించండి. అక్కడ గాలి లాగితే గాలితో కలిసే పెట్రోల్ తగ్గి ఇంజిన్ వేడెక్కిపోతుంది.

ఆదివారం మాత్రమే బండి తీసేవాళ్లు పెట్రోల్ ట్యాప్ కట్టేసి కార్బొరేటర్ బౌల్ ఖాళీ చేయండి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమని పీల్చుకుంటుంది, నిలవుంటే కార్బొరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలు, అవే జెట్లు, మూసుకుపోతాయి, పాత రబ్బరు సీళ్లకీ మంచిది కాదు.

వింటేజ్ నంబర్, అంటే పాతకాలపు బండిగా ప్రత్యేక రిజిస్ట్రేషన్, చేయించమని అడగొద్దు ప్లీజ్. ఆ రూలు 50 ఏళ్లు దాటిన బళ్లకే, 1985 ఆర్ఎక్స్‌కి 2035 దాకా ఆగాలి, పైగా వింటేజ్ కింద రాయించుకున్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పుకోవడం కుదరదు. మామూలు ఆర్సీనే 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటే చాలు. ఆర్సీ లేకపోయినా, చాసిస్ నంబర్ గీకేసి ఉన్నా ఆ బండిని షెడ్డులోకి రానివ్వను, మా బావమరిది తెచ్చినా అంతే.

ఇకపై వచ్చే బళ్లకి క్రాంక్ పని రేటు పెంచుతున్నా. ఇప్పటికే మాట్లాడుకున్నవాళ్లకి పాత రేటే. ఆగలేమనుకుంటే వచ్చి బండి తీసుకెళ్లండి, చేసిన పని పోను మిగిలిన అడ్వాన్స్ అక్కడికక్కడే ఇచ్చేస్తా, ఏమీ అనుకోను. ఇంజిన్ వదిలేసి పైపైన మెరిపించి ఇవ్వమంటే మాత్రం నా వల్ల కాదు, దానికి వేరే షెడ్డు చూసుకోండి.